శివారు కాలనీకి రైలు ఎప్పుడు వస్తుంది?

చెట్టుకు ముందు వేరు పుడుతుంది, తర్వాత కాండం, ఆ తర్వాత ఆకు. పట్నాలు పెరిగే తీరు అలా ఉండదు. హైదరాబాదు శివారుల్లో చాలాచోట్ల ముందు ఇళ్లు లేచాయి, తర్వాత రోడ్లు పడ్డాయి, అన్నిటికంటే చివర రైళ్లు వచ్చాయి. ఇలా ఎందుకు జరుగుతుంది? ముందుగా ఒక చిన్న లెక్క వేద్దాం.

రోడ్డుమీద ఒకే వరుసలో కార్లు పోతున్నాయనుకోండి. ముందు కారు ఆగితే, వెనకాయన అది గ్రహించి బ్రేకు వేయడానికి కొంత వ్యవధి కావాలి. అందుచేత రెండు కార్ల మధ్య సుమారు రెండు సెకన్ల ఎడం ఉండాలి. గంటకు 3600 సెకన్లు గనుక, ఆ వరుసలో గంటకు 1800 కార్లు దాటుతాయి. వేగం పెంచితే? సెకనుకు 10 మీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 20 మీటర్లు. వేగం రెట్టింపైతే ఎడం కూడా 40 మీటర్లవుతుంది. కాబట్టి దాటే కార్ల సంఖ్య ఇంచుమించు అంతే! కారుకు ఇద్దరు చొప్పున 3600 మంది. అదే వరుసలో నిమిషానికి రెండు బస్సులు, బస్సుకు 60 మంది చొప్పున నడిపితే 7200 మంది. మూడు పెట్టెల మెట్రో రైల్లో సుమారు వెయ్యిమంది పడతారు. మూడు నిమిషాలకొక రైలు నడిస్తే గంటకు 20,000 మంది!

"అయితే అన్ని కాలనీలకూ రైలే వేయవచ్చు గదా?" అంటారు మీరు. చిక్కంతా అక్కడే ఉంది. జనం పలుచగా ఉన్నప్పుడు వేస్తే రైలు ఖాళీగా తిరుగుతుంది. జనం నిండాక వేద్దామంటే స్థలం దొరకదు. ఇళ్లు తొలగించాలి, పరిహారం చెల్లించాలి. అందుకే రేపటి దారులకు ఈనాడే స్థలం అట్టేపెట్టమని మాస్టర్ ప్లాన్ చెబుతుంది. హైదరాబాదులో ఈ పనికి 1975లో హుడా ఏర్పడింది. 2008లో దాని స్థానంలో హెచ్.ఎం.డి.ఏ. వచ్చింది. కాగితంమీద గీత గీయడం తేలికే. ఆ గీతమీద ఎవరూ గోడ కట్టకుండా చూడడమే కష్టం.

ఇక డబ్బు సంగతి. 2003 ఆగస్టులో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్ల మొదటి దశకు రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే చెరిసగం పెట్టుకున్నాయి. అప్పటికే ఉన్న పట్టాలను వాడుకున్నారు గనుక పని త్వరగా సాగింది. రెండో దశ 2012-13లో సుమారు 816 కోట్ల అంచనాతో మంజూరైంది. ఇందులో మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వేది. రాష్ట్రం వాటా సకాలంలో అందక పని సాగిలపడింది. ఖర్చు వెయ్యి కోట్లు దాటింది. మేడ్చల్‌కు ఈ రైళ్లు 2023 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. 2013లో ఒకటో తరగతిలో చేరిన మేడ్చల్ పిల్ల అప్పటికి పదో తరగతి పరీక్షలు రాస్తూ ఉంది! ఈ పదేళ్లూ ఆ ఇంటివాళ్లు రైలు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేరు గదా? అప్పుచేసైనా మోటారుసైకిలు కొంటారు. ఒకసారి కొన్నాక, రైలు వచ్చినా అందరూ దానివైపు మళ్లరు. ఆలస్యంవల్ల కలిగే ఈ నష్టం ఏ అంచనా పట్టికలోనూ కనబడదు.

మెట్రోకు మరో పద్ధతి పాటించారు. ఒక ప్రైవేటు సంస్థ కట్టింది. టిక్కెట్లతో గిట్టుబాటు కాని లోటుకుగాను కేంద్రం 1458 కోట్లు మంజూరు చేసింది. మొదటి రైలు 2017 నవంబరులో మియాపూర్, నాగోలు మధ్య నడిచింది. 2020 ఫిబ్రవరి నాటికి మార్గం 69 కిలోమీటర్లయింది.

ఒక సంగతి గమనించండి. స్టేషను వస్తుందనగానే పక్కనున్న స్థలాల ధర పెరుగుతుంది. ఖర్చు ప్రజలది, పెరిగిన విలువ మాత్రం ఆ స్థలం యజమానిది! ఇది న్యాయంగా తోచదు. హాంకాంగులో రైలు సంస్థే స్టేషన్లపైన, పక్కన భవనాలు కట్టించి, ఆ ఆదాయంతో కొత్త మార్గాలకు డబ్బు సమకూర్చుకుంటుంది. ఇక్కడి మెట్రోకు కూడా కొన్ని స్థలాలలో వ్యాపార భవనాలు కట్టుకునే హక్కు ఇచ్చారు.

ఇప్పుడు మీరొక పని చేయండి. ఉదయం ఎనిమిదింటికి మీ వీధి చివర, రోడ్డుకు ఎడంగా, పది నిమిషాలు నిలబడండి. దాటిన బస్సులు, కార్లు, ద్విచక్రవాహనాలు ఎన్ని, వాటిలో మనుషులు ఎందరు, విడివిడిగా రాసుకోండి. ఆరుతో హెచ్చవేస్తే గంట లెక్క వస్తుంది. పై లెక్కతో పోల్చి, మీ వీధికి ఏ బండి కావాలో మీరే తేల్చండి.