ఆకలికీ పోలికలుంటాయి

ప్ర: మాకు ఇద్దరు మగపిల్లలు. పెద్దవాడు నాలుగు ముద్దలకే కంచం ముందునుంచి లేచిపోతాడు. చిన్నవాడికి 9 ఏళ్లు, 50 కిలోలున్నాడు. మూడోసారి అన్నం పెట్టించుకుని కూడా అరగంటకల్లా ఫ్రిజ్ తీస్తాడు. నా పెంపకమే అలాంటిదని అత్తగారు, వాడికి నోరు కట్టుకోవడం చేతకాదని మావారు. ఆయనా లావే. తప్పెవరిది?
- ఓ తల్లి, తెనాలి

జ: మీది కాదమ్మా. వాడిదీ కాదు.

1997లో ఇంగ్లండు వైద్యులు పాకిస్తాన్ మూలాలున్న ఒక కుటుంబంలోని ఇద్దరు పిల్లల సంగతి బయటపెట్టారు. 8 ఏళ్ల పాప 86 కిలోలు, 2 ఏళ్ల బాబు 29 కిలోలు. పుట్టినప్పుడు మామూలు బరువే. తర్వాత ఎంత పెట్టినా ఆకలే. ఒక జన్యువు చెడి, వాళ్ల ఒంట్లో లెప్టిన్ తయారవలేదు. 'నిల్వ బాగానే ఉంది, ఇక చాలు' అని కొవ్వు కణాలు మెదడుకు పంపే కబురే లెప్టిన్. ఆ కబురు అందక వాళ్ల మెదడు కరువొచ్చిందనుకుంది. లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టిన ఏడాదికి ఆ పాప 16 కిలోలు తగ్గింది. అప్పటిదాకా ఎన్ని తిట్లు తిన్నదో!

ఆ జబ్బు చాలా అరుదు. ఆ పిల్లల తల్లిదండ్రులు దగ్గరి చుట్టాలు. మీదీ మేనరికమై, మీవాడు పాలుతాగే వయసు నుంచే విపరీతంగా లావెక్కి ఉంటే పిల్లల డాక్టరుకు ఆ రెండు ముక్కలూ తప్పక చెప్పండి. లేకపోతే వాడికొచ్చింది నాన్న పోలికే కావచ్చు. 2007లో గుర్తించిన ఎఫ్‌టీఓ జన్యువులో ఒక రకం అమ్మ నుంచీ నాన్న నుంచీ వచ్చినవాళ్లు పెద్దయ్యాక సగటున 3 కిలోలు ఎక్కువుంటారు. ఇలాంటివి ఇంకా వందలున్నాయి. పోలిక ముక్కుకే కాదు, ఆకలికీ వస్తుంది. ఒకే గిన్నెలో అన్నం తిన్నా మీ పిల్లలిద్దరి కడుపూ ఒకేసారి నిండదు.

జన్యువుల్ని మార్చలేం. ఇల్లు మార్చొచ్చు. వాడు ఎన్నింటికి పడుకుంటాడో మీరు రాయలేదు. నేనడిగేది ఎప్పుడూ అదే. నాన్నతోపాటు పదకొండు దాకా టీవీ ముందేనా? నిద్ర చాలకపోతే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరిగి, లెప్టిన్ తగ్గుతుందని కొన్ని పరిశోధనల్లో తేలింది. ఈ వయసుకి కనీసం 9 గంటల నిద్ర కావాలి. ఎనిమిదింటికల్లా అందరి భోజనాలూ అయిపోవాలి, తొమ్మిదింటికి టీవీ ఆగాలి. కూల్‌డ్రింకు సీసాలు ఇంటికి తేవద్దు. ఫ్రిజ్ తెరిస్తే మజ్జిగే కనబడాలి. నోరు కట్టుకోవడం మీవారు ముందు చేసి చూపించాలి. ఈ పేజీ ఆయన చేతికివ్వండి.

ప్ర: మా అమ్మాయికి 11 ఏళ్లు. లావు. క్లాసులో అందరికంటే పొడుగు. థైరాయిడేమో?
- వరంగల్

జ: థైరాయిడ్ వల్ల లావయ్యే పిల్లలు ఎత్తు పెరగరు. మీ అమ్మాయికి ఆ భయం దాదాపు అక్కర్లేదు.

ప్ర: ఆకలి తగ్గించే పొడులు పిల్లలకు వాడొచ్చా?
- కర్నూలు

జ: వద్దు.