కీరదోస నీరు: వేసవి పానీయముపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

వేసవి వచ్చిందంటే దప్పిక తీర్చే పానీయాలను గురించి అందరూ ముచ్చటించుకుంటారు. కీరదోస ముక్కలు వేసి చల్లబరచిన నీరు ఇటీవలి కాలంలో ఇళ్ళలోను, విందులలోను బాగా వ్యాప్తిలోకి వచ్చింది. అది సులభమైనది, ఖర్చు తక్కువైనది, పంచదార లేనిది. అయితే దానికి ఉన్న గుణాల కంటె లేని గుణాలే ఎక్కువగా ప్రచారమవుతున్నవి. ఈ వ్యాసంలో ఆ పానీయాన్ని ఇంటిలో తయారుచేసుకునే పద్ధతిని వివరిస్తూ, పెడన వంటి డెల్టా ఊరిలో దానిని చేయబోయే ముందు నీటిని గురించి తెలుసుకోవలసిన విషయాలను విద్యార్థుల ముందు ఉంచదలచాము. మేము చెప్పదలచినది ఒక్క మాటలో ఇది: కీరదోస నీటికి రుచిని ఇస్తుంది గాని, శుద్ధిని ఇవ్వదు.

పేరు, పూర్వచరిత్ర

తెలుగువారు 'దోసకాయ' అనగానే పప్పులోను, ఆవకాయలోను వేసే పసుపుపచ్చని కాయ గుర్తుకు వస్తుంది. అది వృక్షశాస్త్రరీత్యా ఖర్బూజా జాతికి చెందినది. మనం నీటిలో వేసే పచ్చని కాయ వేరొక జాతి. ఉర్దూలో దానిని 'ఖీరా' అంటారు; మన 'కీరదోస'లోని మొదటి సగం అదే మాట. రెండు భాషలు కలిసి ఒక కాయకు పేరు పెట్టిన తీరు రెండు భాషలూ చదివే మన విద్యార్థులకు ముచ్చట గొలుపుతుంది.

కీరదోస మన దేశపు పంటయే. దాని అడవి జాతి నేటికీ హిమాలయ పాదప్రాంతాలలో కనిపిస్తుంది. ఇక్కడనుండి అది పడమటి దేశాలకు వ్యాపించింది. దివ్య ఖురాన్‌లోని అల్ బఖరా అధ్యాయం 61వ వాక్యంలో ఇస్రాయీలు సంతతివారు మూసా ప్రవక్తను కోరిన ఆహారపదార్థాలలో దోసజాతి కాయ ఒకటి. ప్రవక్తవారు పండు ఖర్జూరాలతో కలిపి ఈ జాతి కాయను తినేవారని సహీహ్ బుఖారీలో ఉన్నది. ఇరాను దేశంలో పంచదార, సిర్కా, పుదీనాలతో చేసిన పానకంలో కీర కోరు వేసి, నీరు కలిపి వేసవిలో త్రాగడం పాత అలవాటు. యునానీ వైద్యులు కీర, కక్డీ గింజలను 'తుఖ్మె ఖియారైన్' అనే పేరుతో చల్లదనం కొరకు వాడుతారు. కనుక కీరదోస నీరు కొత్త కనుగోలు కాదు. పాత ఆలోచనకు తేలికైన రూపము మాత్రమే.

మన ప్రాంతపు నీరు

పెడన గుడివాడ, మచిలీపట్నాల నడుమ రైలు మార్గంపై ఉన్న ఊరు. ఇక్కడ అచ్చు కలంకారీ, చేనేత ప్రధాన వృత్తులు. కలంకారీ పనివారు కరక్కాయ పాలలో ముంచిన గుడ్డను ఎండలో ఆరవేస్తారు; పొయ్యి దగ్గర నిలబడి రంగుల కాగులలో ఉడికిస్తారు. ఎండ, పొగ, ఆవిరి మూడింటిని ఒక్కసారే భరించే పని అది. 2015 మే నెలలో వడగాలులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వెయ్యికి మించిన ప్రాణాలను బలిగొన్నవి. అందుచేత వేసవిలో ఏమి త్రాగాలి అన్నది మనకు ఉబుసుపోక ప్రశ్న కాదు.

విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి ఏర్పడిన తరువాత ఈ డెల్టాకు కాలువ నీరే జీవాధారమైనది. వేసవిలో కాలువలు కట్టివేసే ముందు చెరువులను నింపుకొని, ఆ నీటినే వడగట్టి, శుద్ధిచేసి త్రాగునీరుగా వాడుకోవడం ఇక్కడి పద్ధతి. సముద్రానికి దగ్గరైన గ్రామాలలో భూగర్భజలం చాలచోట్ల ఉప్పన. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నది. సముద్రపు నీరు ఊళ్ళను, చెరువులను ముంచివేయగా, బ్రతికి బయటపడినవారికి త్రాగునీరే మొదటి అవసరమైనది. నీటి నడుమ ఉండి నీటికి వెతుక్కోవడం ఈ నేలకు తెలిసిన అనుభవమే.

నీటి దోషాలు మూడు

త్రాగునీటికి ముఖ్యంగా మూడు దోషాలు ఉండవచ్చును. ఒకదానికి చేసిన చికిత్స మరొకదానికి పనికిరాదు.

మొదటిది బురద. నీటిని తేర్చి, గుడ్డలో వడగడితే కొంత పోతుంది. పటిక త్రిప్పినా, కుండ లోపల ఇండుపగింజ అరగదీసినా మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకొని అడుగున పేరుకుంటాయి. కలంకారీలో ఎర్రరంగును గుడ్డకు పట్టించే పటికయే ఇక్కడ నీటిని తేరుస్తుంది. కాని తేట నీరంతా మంచినీరు కాదు.

రెండవది రోగక్రిములు. కలరా, టైఫాయిడ్, కామెర్లలో కొన్ని రకాలు నీటిద్వారానే వస్తాయి. నీటిని తెర్లించి, తెర్లు వచ్చిన తరువాత ఒక నిమిషం పాటు ఉంచితే ఈ క్రిములు నశిస్తాయి. కట్టెలు, గ్యాసు లేనప్పుడు క్లోరిన్ బిళ్ళను పొట్లంపై వ్రాసిన మోతాదులో వేసి అరగంట వేచి ఉండాలి.

మూడవది ఉప్పు. మరగించినందువల్ల ఉప్పు పోదు. నీరు ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములకు మించరాదు. వేరే ఆధారం లేనిచోట 2000 వరకు అనుమతిస్తారు. అంతకు మించిన నీటిని వదలి వేరే నీటిని తెచ్చుకోవలసినదే.

కీరదోస ఈ మూడు దోషాలలో దేనినీ పోగొట్టదు. పైగా తన వాసనతో చెడ్డ నీటి రుచిని మరుగుపరచగలదు. ఇక్కడనే ప్రమాదమున్నది.

తయారీ విధానము

కావలసినవి: మరగించి చల్లార్చిన నీరు 1 లీటరు, లేత కీరదోసకాయ ఒకటి, సుమారు 150 గ్రాములు, పుదీనా ఆకులు 6 లేక 8, నిమ్మకాయ సగం. నిమ్మ, పుదీనా లేకపోయినా లోటు లేదు.

1. చేతులు సబ్బుతో కడుగుకొని, కత్తిని, పీటను, పాత్రను శుభ్రం చేయాలి. పచ్చి మాంసము, చేపలు కోసిన కత్తిని కడగకుండా వాడరాదు.

2. కాయను ధారగా పోసిన మంచినీటిలో చేతితో రుద్ది కడగాలి. కాలువ నీటితో పండిన కాయ పైతొక్కపై ఏమి ఉన్నదో మన కంటికి కనబడదు.

3. తొడిమ వైపు ఒక అంగుళం కోసివేసి, చిన్న ముక్క రుచి చూడాలి. కుకుర్బిటసిన్ అనే చేదు పదార్థం తొడిమ వైపున ఎక్కువగా ఉంటుంది. కాయ అంతా చేదుగా ఉంటే పారవేయాలి. ఆ చేదు కడుపునొప్పి, వాంతులు కలిగించవచ్చును.

4. కాయను పలుచని చక్రాలుగా తరిగి నీటిలో వేయాలి. పుదీనాను కడిగి, వ్రేళ్ళతో కొంచెం నలిపి వేయాలి. నిమ్మరసం పిండి, గింజలు తీసివేయాలి.

5. మూత పెట్టాలి. ఫ్రిజ్ ఉన్నవారు రెండు గంటలు ఊరనిచ్చి, వడగట్టి, ఆ రోజుననే త్రాగాలి. ఫ్రిజ్ లేనివారు ముందే కుండలో చల్లబడిన నీటిని తీసుకొని, అరగంట మాత్రమే ఊరనిచ్చి, వడగట్టి వెంటనే త్రాగాలి. 32 డిగ్రీలు దాటిన వేడిలో కోసిన కాయను గంటకు మించి బయట ఉంచడం క్షేమం కాదు.

6. ఊరిన ముక్కలను పారవేయనక్కరలేదు. వెంటనే పెరుగులో కలుపుకొని తినవచ్చును.

ఐసు వేయదలచినవారు మరగించిన నీటితో ఇంటిలో చేసినదే వాడాలి. చేపల నిల్వకు తయారయ్యే ఐసు త్రాగే నీటిలో వేయదగినది కాదు.

ఇందులోని శాస్త్రము

కోయని కీరకు వాసన అంతగా ఉండదు. కత్తి తగలగానే కణాలు తెగి, వాటిలోని ఎంజైములు కొవ్వు ఆమ్లాలను విడగొట్టగా నోనాడైఈనాల్ అనే సుగంధ ద్రవ్యం పుడుతుంది. పలుచగా తరిగితే ఎక్కువ కణాలు తెగుతాయి. అందుచేత వాసన ఎక్కువగా వస్తుంది.

కుండ చల్లదనం కూడ ఇట్టిదే. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. 10 లీటర్ల కుండ గోడలనుండి 100 గ్రాముల నీరు ఆవిరైతే 58,000 కేలరీలు తగ్గుతాయి. బయటి వేడి లోపలికి రాదనుకుంటే లోపలి నీరు సుమారు 6 డిగ్రీలు చల్లబడాలి. కాని బందరు తీరంలో గాలి తేమగా ఉండటంవల్ల ఆవిరి నెమ్మదిగా జరుగుతుంది. అందుకే ఇక్కడి కుండ పొడిగాలి వీచే మెట్టప్రాంతపు కుండ అంత చల్లగా ఉండదు. కుండను నీడలో, గాలి ఆడే చోట ఉంచితే కొంత మేలు.

ఏమి చేస్తుంది, ఏమి చేయదు

కీరలో నూటికి 95 పాళ్ళు నీరే. 100 గ్రాముల కాయలో సుమారు 150 మిల్లీగ్రాముల పొటాషియం ఉన్నా, నీటిలోకి దిగేది అందులో కొద్ది భాగము. ఒంటిలోని విషాలను ఇది కడిగివేస్తుందని, కొవ్వును కరిగిస్తుందని చెప్పే మాటలకు ఆధారం లేదు. మలినాలను తొలగించే పని మూత్రపిండాలు, కాలేయము చేస్తున్నవి.

అయినా దీని మేలు చిన్నది కాదు. 300 మిల్లీలీటర్ల కోలా పానీయంలో సుమారు 30 గ్రాముల పంచదార ఉంటుంది, ఇందులో లేనట్టే. రుచి ఉన్న నీటిని పిల్లలు, వృద్ధులు మరికాస్త ఎక్కువగా త్రాగుతారు. మధుమేహం ఉన్నవారికి షర్బత్తు కంటె ఇది మేలు.

కాని ఎండలో చెమటోడ్చి పనిచేసేవారికి ఇది చాలదు. చెమటతో ఉప్పు పోతుంది. కీర నీటిలో ఉప్పు లేదు. వారికి ఉప్పు వేసిన మజ్జిగ, గంజి కావాలి. విరేచనాలు పట్టుకున్నవారికి కీర నీరు మందు కాదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటితో కలరా రోగులను బ్రతికించారు. ఆ మార్గంలో వచ్చినదే నేటి ఓ.ఆర్.ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 20.5 గ్రాముల పొడి. అందులో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ ఉన్న మనిషిని వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీరు చల్లుతూ ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. తెలివిలేనివారి నోటిలో ఏ నీరూ పోయరాదు.

చలివేంద్రము, సబీల్

వేసవిలో చలివేంద్రము పెట్టడం తెలుగునాట పుణ్యకార్యము. ముహర్రం దినాలలో కర్బలాలో దప్పికగొన్నవారిని స్మరిస్తూ సబీల్ నెలకొల్పడం ముస్లిముల ఆచారము. పేర్లు వేరైనా రెండింటి ధర్మం ఒక్కటే. పాత్రలపై మూత ఉంచాలని, త్రాగే పాత్రలో ఊపిరి వదలరాదని ప్రవక్తవారి ఉపదేశాలలో ఉన్నది. పరీక్షల కాలంలో కళాశాలలో నీటి కుండలు పెట్టదలచిన కమిటీవారికి మేము చేసే మనవి ఈ సంప్రదాయానికి తోడుగా నాలుగు నియమాలు మాత్రమే.

నీటిలో మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉన్నదో లేదో ప్రతి ఉదయం పరీక్షించాలి. క్లోరిన్ వేసిన అరగంట తరువాతనే కీర ముక్కలు వేయాలి. ముందే వేస్తే కాయలోని పదార్థమే క్లోరిన్‌ను హరించివేస్తుంది. నీటిని గ్లాసు ముంచి తీయక, కుళాయి ద్వారానో పొడుగు కాడ గరిటెతోనో ఇవ్వాలి. సాయంత్రం మిగిలిన నీటిని పారబోసి, కుండను కడిగి ఆరబెట్టాలి.

ముగింపు

విద్య అనగా చూడని దానిని చూడగలగడము. కుండలో పచ్చని ముక్కలు తేలుతుండగా ఎవరికైనా ఆనందం కలుగుతుంది. ఆ నీరు ఎక్కడనుండి వచ్చినది, ఎట్లు శుభ్రపడినది అని అడగడం చదువుకున్నవారి బాధ్యత. పెడన విద్యార్థులు తమ ఇండ్లలో ఈ పానీయాన్ని తప్పక తయారుచేయాలని కోరుతున్నాము. మగ్గం గుంటలోను, రంగు కాగుల దగ్గర పనిచేసే తమ పెద్దలకు మాత్రం దానితోబాటు ఉప్పు వేసిన మజ్జిగ కూడ అందించాలని మనవి చేస్తున్నాము. ముందు నీటిని మరగించండి. ఆ తరువాతనే కాయను తరగండి.