రొట్టె యేల గట్టిపడును?

బేకరీనుండి తెచ్చిన రొట్టె మొదటి దినమున దూదివలె మెత్తగా నుండును. మరునాటికి బిరుసెక్కును. మూడవనాడు విరిచినచో పొడిపొడిగా రాలును. ఇట్లేల జరుగునని అడిగినచో, అందలి నీరు ఆరిపోయినదని ఎవరైనను వెంటనే బదులు చెప్పుదురు. ఆ మాట సహజముగనే తోచును. కాని పూర్తిగా నిజము కాదు.

1852వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు బూసేంగో ఈ నమ్మకమును పరీక్షించెను. గాలి చొరకుండ మూసిన పాత్రలో రొట్టె నుంచెను. నీరు బయటికి పోవుటకు దారి లేదు. అయినను రొట్టె గట్టిపడెను. పిమ్మట బిరుసెక్కిన రొట్టెను మరల వేడిచేసెను. ఆ వేడికి నీరు మరికొంత ఆవిరియై పోయెను. లెక్కప్రకారము అది ఇంకను గట్టిపడవలెను. కాని, ఏమి చిత్రము! అది అప్పుడే కాల్చిన రొట్టెవలె మెత్తబడెను.

కావున అసలు రహస్యము నీటిలో లేదు, పిండిపదార్థములో నున్నది. బట్టీ వేడికి గోధుమపిండిలోని రేణువులు నీటిని పీల్చి ఉబ్బును. వాని అణువుల కట్టు సడలును. రొట్టె చల్లారిన పిమ్మట ఆ అణువులు మెల్లమెల్లగా ఒకదానిప్రక్క నొకటి చేరి, వరుసలు దీరి, స్ఫటికములవలె బిగియును. అమైలోజు అనునది కొన్ని గంటలలోనే బిగియును. అమైలోపెక్టిన్ అనునది కొన్ని దినములు తీసికొనును. రాత్రి మిగిలిన అన్నము తెల్లవారుసరికి పలుకెక్కుటయు ఇట్టిదే. ఆ మెతుకులు ఆవిరి తగిలినంతనే మెత్తబడుట మన యిండ్లలో అందరును ఎరుగుదురు. రొట్టెలో నీ బిగువు సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి వీడును.

ఇది వంటింటి ముచ్చట మాత్రమే కాదు. ఐరోపా నగరములలో ప్రజలు ఉదయముననే తాజా రొట్టెను కోరెడివారు. అందుకై పనివారు రాత్రియంతయు మేల్కొని, బట్టీల సెగలో పిండి పిసికి రొట్టెలు కాల్చెడివారు. ఊరు నిద్రించువేళ వారికి పని. బిడ్డలు మేల్కొనువేళ వారికి నిద్ర. సాయంకాలము కాల్చిన రొట్టె ఉదయమువఱకు మెత్తగా నుండినచో ఈ బాధ తప్పును గదా! 20వ శతాబ్ది ఆరంభమున హాలెండు శాస్త్రజ్ఞుడు కాట్జ్ ఈ తలంపుతోనే పరిశోధనకు పూనుకొనెను. మిక్కిలి వేడిగా నుంచిన రొట్టె బిరుసెక్కలేదు. చల్లదనము పెరిగినకొలది త్వరగా గట్టిపడెను. గడ్డకట్టించిన రొట్టె మాత్రము మరల నిలిచెను. రొట్టెల తయారీలో రాత్రిపనిని నిషేధించు ఒడంబడికను 1925లో అంతర్జాతీయ కార్మిక సమావేశము ఆమోదించెను.

నేడు మనము రొట్టెను ఫ్రిజ్‌లో పెట్టి, భద్రముగా నున్నదని తలంతుము. గట్టిపడుటకు అంతకంటె అనుకూలమైన చోటు లేదు! ఒకటి రెండు దినములలో తినివేయు రొట్టెను పొట్లము మూతిని బిగించి అలమరలో నుంచుటయే మేలు. అంతకుమించి నిలువ చేయవలసినచో, ముక్కలుగా కోసి, గడ్డకట్టించు అరలో, అనగా సున్నకు 18 డిగ్రీలు దిగువను, ఉంచవలెను. ఆ ముక్కలను తిన్నగా పెనముపై వేసి కాల్చుకొనవచ్చును.

అయితే వానకాలమున వేరొక శత్రువు గలదు. అది బూజు. చల్లదనము బూజును ఆపును, రొట్టెను బిరుసెక్కించును. ఆ దినములలో నేనైతే ఫ్రిజ్‌నే ఎంచుకొందును, ఏలయన బిరుసును పెనము పోగొట్టును. బూజును ఏదియు పోగొట్టజాలదు. పచ్చని మచ్చను గిల్లివేసి తక్కిన ముక్కను తినువారు కలరు. రొట్టె గుల్లగా నుండుటచే బూజు పోగులు కంటికి కానరాకయే లోనికి ప్రాకును. అట్టి రొట్టెను వాసన చూడక పారవేయవలెను. బూజు పట్టకుండుటకై పెక్కు బేకరీలవారు కాల్షియం ప్రొపియోనేటు అను లవణమును పిండిలో కలుపుదురు. బిరుసెక్కుటను అది ఆపదు. అందులకు వేరు పదార్థములు కలవు.

హైదరాబాదులో డబుల్ కా మీఠా చేయువారికి మాత్రము ఈ చింత లేదు. వారికి నిన్నటి రొట్టెయే ప్రీతి. తాజా ముక్క పాకములో చిదికిపోవును. బిరుసెక్కినది నేతిలో వేగి, పాకమును కడుపునిండ పీల్చియు రూపు చెడక నిలుచును.