అబ్రాహాము కుమార్తె నడుము
పాఠభాగములు: లూకా 13:10–17, యెషయా 38:1–5, 21

18 సంవత్సరములు నడుము వంగియున్న స్త్రీ సంగతిని వైద్యుడైన లూకా ఒక్కడే మనకు వ్రాసి యుంచెను. చుట్టునున్నవారు ఆమెను చూచి చూచి అలవాటుపడి యుందురు. ప్రభువు ఆమెను చూచెను, పిలిచెను, చేతులుంచెను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల మన సంఘములలో నడుము నొప్పి లేని వృద్ధులు అరుదు. నాట్లు, పత్తి చేలు, మగ్గపు గుంట, వలసపోయి మట్టి మోయుట – ఇట్టి పనులలో అరిగిన నడుములివి. మేము ఇండ్లు దర్శించునప్పుడు, “వయసు మీద పడ్డది, వాతం నొప్పులు అయ్యగారూ” అందురు. చాలామట్టుకు అది నిజమే. అట్టి నొప్పి కొన్ని వారములలో తగ్గును. మంచము పట్టక మెల్లగా నడచుట మేలు. కాని ఈ క్రింది గురుతులున్నయెడల ఊరకుండరాదు.

1. జారిపడినందున, లేక బిందె ఎత్తినంతమాత్రమున పుట్టిన తీవ్రమైన నొప్పి. ఎముకలు గుల్లబారినవారికి వెన్నుపూస నలిగిపోవచ్చును. స్త్రీలకును, స్టెరాయిడు మందులు చాలకాలము వాడినవారికిని ఈ అపాయము హెచ్చు.

2. నొప్పితో కూడ సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, చిక్కిపోవుట. ఇది వెన్నెముక క్షయ కావచ్చును. దగ్గు లేకయే క్షయ ఎముకకు పట్టవచ్చును. ప్రభుత్వ ఆసుపత్రులలో దీని మందులు ఉచితము. గొఱ్ఱెలు, మేకలు కాచువారికిని, పచ్చిపాలు త్రాగువారికిని వచ్చు ఒక విధమైన జ్వరము కూడ నడుమును పట్టును.

3. పడుకొన్నను తగ్గక, రాత్రి నిద్ర లేపు నొప్పి. ముందు క్యాన్సరు వచ్చినవారికి కొత్తగా నడుము నొప్పి పుట్టినను పరీక్ష చేయింపవలెను. రొమ్ము క్యాన్సరు, పురుషుల ప్రోస్టేటు క్యాన్సరు వెన్నెముకకు ప్రాకవచ్చును.

4. కాళ్లలో బలము తగ్గుట, తొడల సందున తిమ్మిరి, మూత్రము బిగియుట, లేక మలమూత్రములు తెలియకుండ పోవుట. నరములు నొక్కుకొనిపోవుచున్నవని దీని అర్థము. ఆ దినమే పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. ఆలస్యమైన పోయిన బలము తిరిగి రాకపోవచ్చును. పెద్దలు సిగ్గుచేత దీనిని దాచెదరు గనుక మనమే మెల్లగా అడుగవలెను.

5. ఉన్నట్టుండి కడుపులోను నడుములోను భరింపరాని నొప్పి, కండ్లు తిరుగుట. లోపలి పెద్ద రక్తనాళము చిట్లినను ఇట్లగును. వెంటనే 108కి ఫోను చేయవలెను.

ఇట్టివారికి నడుము త్రొక్కించుట, వాతలు పెట్టించుట కూడదు. సూదిమందుతో నొప్పి అణగినను లోపల జబ్బు పెరుగుచుండును. దినదినము నొప్పి మాత్రలు మ్రింగిన మూత్రపిండములు చెడవచ్చును. వనపర్తిలోను నాగర్‌కర్నూలులోను 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి గనుక పరీక్షలకు దారి మునుపటికంటె దగ్గరాయెను.

“ప్రార్థించుచున్నాము గదా, ఆసుపత్రి ఏల?” అని కొందరందురు. హిజ్కియా కన్నీటితో ప్రార్థించెను, దేవుడు ఆలకించెను; అయినను పుండుమీద అంజూరపు ముద్ద కట్టుమని ప్రవక్త చెప్పెను. ప్రార్థనయు మందును ఆ యింట కలిసియే యుండెను. మరియు లూకా వ్రాసిన స్త్రీని సాతాను బంధించెనని చదివి, నడుము నొప్పి గల ప్రతివారిని దయ్యము పట్టినవారని యెంచుట తప్పు.

విశ్రాంతి దినమునను ఎద్దును విప్పి నీళ్లకు తోలుకొనిపోవు జనులను ప్రభువు ఆనాడు గద్దించెను. మన ఎద్దు కుంటినయెడల ఆ పూటనే పశువుల డాక్టరును పిలుతుము. ఆరు నెలలనుండి మూల్గుచున్న తల్లికి మాత్రము, “నీ వయసుకు ఇంతే” అని చెప్పుదుమా? ఆమెయు అబ్రాహాము కుమార్తెయే. ఈ వారము మన యింటి పెద్దల ప్రక్కను కూర్చుండి, ఈ అయిదు గురుతులను గూర్చి ఒక్కొక్కటిగా అడుగుదము. తోడు లేని విధవరాండ్రను సంఘ పెద్దలు ఆసుపత్రికి తీసికొనిపోవుదురు గాక.