చెట్టు కింద ఏలీయా: హైస్కూలు పిల్లలకు ఆత్మీయ తోడు

ధ్యానించవలసిన భాగం: 1 రాజులు 19వ అధ్యాయం



మన విచారణల్లోని చాలా కుటుంబాల పిల్లలు కతోలిక హైస్కూళ్లలో చదువుతున్నారు. తెలుగునాట ఈ బడులకు పెద్ద చరిత్రే ఉంది. విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ పాఠశాల 1847లో, హైదరాబాదులో ఆల్ సెయింట్స్ పాఠశాల 1855లో మొదలయ్యాయి. అన్ని మతాల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న బడులివి. "ఫాదర్ల స్కూల్లో క్రమశిక్షణ ఉంటుంది, సిస్టర్ల స్కూల్లో ఇంగ్లీషు బాగా వస్తుంది" అని తల్లిదండ్రులు ఎంతో ఆశతో చేర్పిస్తారు.

క్రమశిక్షణ, ఇంగ్లీషు, మార్కులు మంచివే. అయితే 13 నుండి 16 ఏళ్ల వయసు బిడ్డకు ఇవి మాత్రమే చాలవు. శరీరం మారుతుంది, మనసు మారుతుంది, "నేనెవరు? దేవుడు నా మాట వింటాడా?" అనే ప్రశ్నలు మొదలవుతాయి. 10 నుండి 19 ఏళ్ల వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే 42 మంది ఉన్న తరగతిలో సుమారు ఆరుగురు. వారికి బడి, గుడి, ఇల్లు, ఆసుపత్రి కలిసి ఎలా తోడుగా నిలవాలో ఈ నెల పాఠంలో చూద్దాం.

కాపరి సేవ అంటే ఏమిటి?

ఉదయం అసెంబ్లీలో ప్రార్థన, వారానికి ఒకటి రెండు నీతిబోధ పీరియడ్లు, మొదటి శుక్రవారం దివ్యబలిపూజ, ఏడాదికోసారి ధ్యానదినం: పిల్లల ఆత్మీయ సేవ అంటే ఇదేనని చాలామంది అనుకుంటారు. ఇవన్నీ అవసరమే. కాని ఇవి మందకు పెట్టే మేత వంటివి. తప్పిపోయిన ఒక్క గొర్రెను వెదకడం వేరే పని. మైకులో చెప్పే మంచి మాట అందరికీ వినబడుతుంది, మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడని అబ్బాయిని అది కనిపెట్టలేదు. ఒకరు దగ్గరకు వెళ్లి కనిపెట్టాలి.

పునీత జాన్ బోస్కో (1815–1888) ఇటలీలోని ట్యూరిన్ పట్టణంలో, పని వెతుక్కుంటూ వచ్చిన పేద అబ్బాయిల మధ్య జీవించాడు. ఆయన విద్యా పద్ధతికి మూడు స్తంభాలు: వివేకం, మతం, ఆప్యాయత. పిల్లవాడు తప్పు చేశాక దండించడం కన్నా, తప్పు దారి పట్టకముందే పక్కన ఉండాలన్నది ఆయన పట్టుదల. అందుకే ఆటస్థలంలో కూడా పిల్లలతోనే ఉండేవాడు.

ఏలీయా నుండి నాలుగు పాఠాలు

ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద గొప్ప విజయం సాధించాడు. ఆ వెంటనే యెసెబెలు రాణి బెదిరింపు విని పారిపోయాడు. సేవకుణ్ణి బేర్షెబాలో వదిలి, ఒంటరిగా ఎడారిలో ఒక దినపు ప్రయాణం చేసి, చెట్టు కింద కూలబడి, తన ప్రాణం తీసివేయమని దేవుణ్ణి అడిగాడు. గమనించండి: ఓడినవాడు కాదు, గెలిచినవాడు కూలిపోయాడు. తరగతిలో మొదటి ర్యాంకు వచ్చే పిల్లకు బాధ ఉండదని అనుకోకూడదు. దేవుడు ఏలీయాను తిట్టలేదు, "నీకు విశ్వాసం లేదు" అనలేదు. ఏం చేశాడు?

1. ముందు ఆహారం, నిద్ర. దేవదూత ఏలీయాను తట్టి లేపి, కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు ఇచ్చాడు. బోధ తరువాత, భోజనం ముందు. చదువు మీద మనసు నిలవని పిల్లవాణ్ణి సోమరి అనే ముందు వాడి శరీరాన్ని పరీక్షించాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 19 ఏళ్ల ఆడపిల్లల్లో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ వయసులో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనతే. నీరసం, తలనొప్పి, చిరాకు, మతిమరుపు దాని లక్షణాలు కావచ్చు. బడిలో వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర, ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్ర పారేయకుండా వేసుకోవాలి. చూపు పరీక్ష చేయించాలి. ఈ వయసు పిల్లలకు రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర కావాలి. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి చదివించేవారు రాత్రి ఎన్నింటికి పడుకోబెడుతున్నారో లెక్క చూసుకోవాలి.

కొందరు పిల్లలకు బడికి వెళ్లే వేళకే కడుపునొప్పి వస్తుంది. పరీక్షల్లో ఏమీ కనిపించదు. "నాటకాలు" అని కొట్టిపారేయవద్దు. ఆ నొప్పి నిజమే. మనసులోని భయం పొట్టలో పలుకుతుంది. బడిలో ఎవరు భయపెడుతున్నారో మెల్లగా అడగాలి.

2. రెండోసారి రావడం. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత విసుక్కోలేదు, రెండోసారి వచ్చి మళ్లీ లేపాడు. ముందున్న దారి పొడవైనది గనుక తినమన్నాడు. సిస్టర్ గారు పిలిచి "ఏమైందమ్మా?" అంటే, మొదటిసారి ఏ పిల్లైనా "ఏమీ లేదు సిస్టర్" అనే అంటుంది. అంతటితో వదిలేస్తే సేవ సగంలో ఆగినట్టే. రెండు రోజులాగి మళ్లీ పలకరించాలి. ఆ రెండో పలకరింపుకే చాలామంది పిల్లలు నోరు విప్పుతారు.

3. అడిగి వినడం. హోరేబు కొండ దగ్గర దేవుడు ఏలీయాను అక్కడేం చేస్తున్నావని రెండుసార్లు అడిగాడు. ఏలీయా రెండుసార్లూ ఒకే జవాబు చెప్పాడు: తానొక్కడే మిగిలాడు. దేవుడు రెండుసార్లూ విన్నాడు. పిల్లలు కూడా చెప్పిందే చెబుతారు. మధ్యలో అడ్డుపడి "మా రోజుల్లో అయితే" అని మొదలుపెడితే వాళ్లు మూసుకుపోతారు. పెనుగాలిలో, భూకంపంలో, నిప్పులో కాక, నెమ్మదైన స్వరంలో దేవుడు పలికాడని మరవవద్దు. తరగతి అందరి ముందు అరిచి అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబు రాదు.

4. తోడును, పనిని ఇవ్వడం. చివరికి దేవుడు ఏలీయాకు చేయవలసిన పని చెప్పాడు, ఎలీషాను తోడుగా చూపాడు, అతడు ఒంటరి కాడనీ ఇంకా ఏడువేల మంది ఉన్నారనీ తెలియజేశాడు. కుంగిన పిల్లవాడికి ఒక స్నేహితుణ్ణి, ఒక చిన్న బాధ్యతను ఇవ్వండి. తోటపని, గాయక బృందం, చిన్న తరగతి పిల్లలకు లెక్కలు చెప్పడం, ఏదైనా సరే. "నేను పనికొస్తాను" అన్న భావం తిరిగి లేవడానికి బలమిస్తుంది.

ఇతర మతాల పిల్లల విషయం

కతోలిక బడిలో హిందూ, ముస్లిం పిల్లలు కూడా ఉంటారు. కాపరి సేవ వారికీ చెందుతుంది, కాని అది మతమార్పిడికి సాధనం కాదు. భారత రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందిన విద్యాసంస్థలో ఏ విద్యార్థినీ సమ్మతి లేకుండా మతబోధనకు గాని, ఆరాధనకు గాని హాజరు కమ్మనకూడదు. మైనరు అయితే తల్లిదండ్రుల లేక సంరక్షకుల సమ్మతి ఉండాలి. రెండవ వాటికన్ మహాసభ కూడా 1965లో మత స్వేచ్ఛ గురించిన ప్రకటనలో బలవంతం కూడదని బోధించింది. ఆకలిగా ఉన్న బిడ్డను, ఏడుస్తున్న బిడ్డను ఆదుకోవడానికి మతం అడగనవసరం లేదు.

మరొక మాట కతోలిక తల్లిదండ్రులకు. బడిలో జరిగే మతబోధన, విచారణలో జరిగే జ్ఞానోపదేశం ఒకటి కావని 1988లో వాటికన్ విద్యాశాఖ వెలువరించిన పత్రం వివరించింది. మతబోధన తెలివినిస్తుంది. విశ్వాసం పెరగడానికి కుటుంబం, విచారణ సంఘం కావాలి. "సిస్టర్ల స్కూల్లో వేశాం కదా, అన్నీ వాళ్లే చూసుకుంటారు" అనుకుని ఆదివారం జ్ఞానోపదేశం మాన్పించి ట్యూషన్‌కు పంపడం సరికాదు.

రహస్యం ఎంతవరకు?

పిల్లలు మనసు విప్పడానికి వెనుకాడే పెద్ద కారణం "అందరికీ తెలిసిపోతుంది" అన్న భయం. కాబట్టి ఈ తేడా పిల్లలకు ముందే చెప్పాలి.

పాపసంకీర్తనంలో గురువుకు చెప్పిన మాట ఎప్పటికీ, ఎవరికీ బయటపడదు. 1983 నాటి శ్రీసభ చట్టం 983వ నియమం ఈ ముద్రను ఉల్లంఘించరానిదిగా ప్రకటించింది. అదే చట్టం 985వ నియమం ప్రకారం, విద్యాసంస్థ అధిపతియైన గురువు తనతో అదే నివాసంలో ఉండే విద్యార్థుల పాపసంకీర్తనం వినకూడదు, ఆ విద్యార్థి తానుగా స్వేచ్ఛగా కోరితే తప్ప. దండించే అధికారం ఉన్నవాని ముందు బిడ్డకు సంకోచం కలగకూడదనే ఈ జాగ్రత్త. అందుకే హాస్టళ్లకు బయటి గురువులను పిలవడం మంచి అలవాటు.

కౌన్సెలర్‌కు, టీచర్‌కు చెప్పిన మాట వేరు. దాన్ని స్టాఫ్ రూములో కబుర్లుగా చెప్పుకోకూడదు. కాని బిడ్డ ప్రాణానికి ముప్పు ఉన్నా, లైంగిక వేధింపు జరిగినా రహస్యంగా ఉంచకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, 18 ఏళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన వారు పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోవడం శిక్షార్హం. సంస్థ పరువు పోతుందని దాచడం చట్టం ముందూ, దేవుని ముందూ తప్పే. నేరం చేసినవాడు ఏ అంగీ ధరించినా, ఏ పదవిలో ఉన్నా ఇదే వర్తిస్తుంది. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది.

ప్రార్థన, వైద్యం రెండూ

బిడ్డకు దిగులు పట్టుకుంటే కొందరు ప్రార్థన కూటాలకు మాత్రమే తిప్పుతారు. కొందరు మందులు చాలు, దేవుడెందుకంటారు. విరిగిన కాలికి కట్టు కట్టించుకుంటూనే ప్రార్థించే మనం మనసు విషయంలో మాత్రం ఈ రెంటినీ ఎందుకు విడదీయాలి? దేవుని దూత రొట్టె తెచ్చాడు. మనకు వైద్యుడు మందు తెస్తాడు. మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లడం అవిశ్వాసం కాదు, పిచ్చి అనే ముద్రా కాదు.

ప్రమాద సూచనలు

ఈ క్రింది వాటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయవద్దు:

• చనిపోవాలని ఉందని, తాను లేకపోతే అందరికీ హాయి అని అనడం
• ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, వీడ్కోలు చెబుతున్నట్టు మాట్లాడడం
• ఒంటి మీద కోసుకున్న గాయాలు, ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కాలు
• రెండు వారాలకు మించి నిద్ర, తిండి తగ్గడం, ఆటపాటల మీద ఇష్టం పోవడం

"చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, ప్రేమగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, ఎక్కువ మాత్రలు తాళం వేసి ఉంచండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 14416 టెలీ మానస్ నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. కేసు అవుతుందని భయపడి దాచవద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించి చికిత్స అందించాలంటుంది.

ఫలితాల రోజున

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత కొద్ది రోజుల్లో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలతో రాష్ట్రమంతా తల్లడిల్లింది. పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చే రోజున బిడ్డను ఇంట్లో ఒంటరిగా ఉంచకండి. ఫలితం చూడకముందే ఒక మాట చెప్పండి: "ఏదొచ్చినా నువ్వు మా బిడ్డవే." తప్పితే సప్లిమెంటరీ పరీక్ష ఉంది. రీకౌంటింగ్ ఉంది. ఆ రోజు పక్కింటివారి పిల్లల మార్కులు మన ఇంట్లో మాట్లాడుకోనవసరం లేదు. విచారణ గురువులు, ఉపదేశులు ఆ సాయంత్రం తప్పినవారి ఇళ్లకు వెళ్లి పలకరిస్తే అది గొప్ప కాపరి సేవ. పాసైన వారింటికి ఎలాగూ అందరూ వెళతారు.

కుటుంబంలో చర్చించుకోవడానికి

1. మన బిడ్డ చివరిసారి తన భయం గురించి మనతో ఎప్పుడు చెప్పాడు? మనమేమన్నాం?
2. రాత్రి భోజనానికి ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుంటున్నామా? టీవీ, ఫోను పక్కన పెడుతున్నామా?
3. మన బిడ్డ కష్టం చెప్పుకోగల పెద్దవారు బడిలో ఎవరున్నారు? ఆ పేరు మనకు తెలుసా?
4. మన వీధిలో చెట్టు కింది ఏలీయాలా ఉన్న బిడ్డ ఎవరు? రెండోసారి పలకరించడానికి ఎవరు వెళతారు?

ప్రార్థన

ప్రేమగల తండ్రీ, మా పిల్లలను నీ చేతులకు అప్పగిస్తున్నాము. అలసిన వారికి ఆహారాన్ని, నిద్రను, ధైర్యాన్ని దయచేయుము. వారి మౌనాన్ని గుర్తించే కళ్లు, వారి మాట ఓపికగా వినే చెవులు మాకు, వారి ఉపాధ్యాయులకు, గురువులకు, వైద్యులకు ప్రసాదించుము. ఆమెన్.