సంఘం ఉత్తరాలలో మర్యాద ఎంత, వివరం ఎంత?

పాల సంఘం పని పాలతోనే కాదు, కాగితంతో కూడా నడుస్తుంది. కార్యదర్శి శీతలీకరణ కేంద్రానికి రాస్తాడు, సూపర్‌వైజరు కార్యదర్శికి రాస్తాడు, టెస్టరు ఇద్దరికీ చీటీ పంపుతాడు. ఒకప్పుడు ఈ పని పోస్టుకార్డుల మీదా, రూటు వ్యాను డ్రైవరు చేతికిచ్చే చీటీల మీదా జరిగేది. ఇప్పుడు చాలా భాగం ఈ-మెయిలు, వాట్సాప్‌ల మీద జరుగుతున్నది. సాధనం మారింది గాని ఒక సందేహం మాత్రం అలాగే ఉన్నది. రోజూ ఎదురుపడే తోటి ఉద్యోగికి రాసేటప్పుడు ఎంత లాంఛనం పాటించాలి? ‘ఆర్యా’ అని మొదలుపెట్టాలా, ‘అన్నా’ అంటే చాలునా? సంఘాల రికార్డులు తనిఖీ చేసేటప్పుడు నాకు రెండు రకాల ఉత్తరాలూ కనిపిస్తాయి. సంఘానికి నష్టం తెచ్చేవి రెండింటిలోనూ ఉన్నాయి.

మన పాత ఉత్తరాలలో మర్యాదకు ఒక వరుస ఉండేది. పెద్దలకు ‘మహారాజశ్రీ’, చిన్నవారికి ‘చిరంజీవి’, ఆ తరువాత ‘ఉభయకుశలోపరి’, అప్పుడు గాని అసలు విషయం మొదలయ్యేది కాదు. ఇంటి ఉత్తరాలకు అది అందమే. ఆ అలవాటు కచేరీ ఉత్తరాలలోకి కూడా పాకి, కొన్ని సంఘాలలో ఇప్పటికీ మిగిలి ఉన్నది. ‘గౌరవనీయులైన మేనేజరు గారి దివ్య సముఖమునకు, తమ విధేయుడు వినయపూర్వకముగా విన్నవించుకొనునది ఏమనగా’ అని నాలుగు వరుసలు సాగి, ఐదవ వరుసలో ‘మా సంఘము పాల విషయమై తగు చర్య గైకొన ప్రార్థన’ అని ముగుస్తుంది. ఏ పూట పాలు? ఎన్ని డబ్బాలు? జరిగినదేమిటి? ఒక్కటీ ఉండదు. తంతి ఇచ్చే రోజుల్లో మాటకింత అని డబ్బు కట్టవలసి వచ్చేది కనుక మనవారు విషయం ఒక్కటే రాసేవారు, దానిని ఎవరూ అమర్యాద అనుకోలేదు. 2013 జూలైలో తంతి సేవ ఆగిపోయింది. దానితోపాటు ఆ పొదుపు కూడా పోయిందేమో అనిపిస్తుంది.

ఇక రెండవ రకం. వేసవిలో ఒక ఉదయం ఒక సంఘం పంపిన పాలలో 40 లీటర్ల డబ్బాలు మూడు పులిశాయని కేంద్రంలో తిప్పి పంపారనుకుందాం. కార్యదర్శి వెంటనే సూపర్‌వైజరుకు ‘అన్నా, మన డబ్బాల సంగతి కాస్త చూడు’ అని వాట్సాప్‌లో పెట్టాడు. అవతలి నుండి బొటనవేలి బొమ్మ వచ్చింది. ఇద్దరికీ విషయం తెలుసు, ఇద్దరి మనసూ నిమ్మళించింది. పదిహేను రోజుల బిల్లు వచ్చేసరికి 120 లీటర్లు కోత పడి ఉన్నది. ఈలోగా ఆ సూపర్‌వైజరు వేరే రూటుకు మారాడు. కొత్తగా వచ్చినవాడు ‘ఏ డబ్బాలు?’ అన్నాడు. అతనిని తప్పు పట్టలేము. లీటరు 50 రూపాయలు వేసుకున్నా 6,000 రూపాయలు. 30 మంది సభ్యులకు పంచితే తలకు 200. అది గేదె దాణాకు ఎన్ని పూటలకు వస్తుందో ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పనక్కరలేదు. సంతకం రానివారి వేలిముద్రకు మన రిజిస్టర్లలో విలువ ఉన్నది గాని, ఫోనులో వచ్చే బొటనవేలి బొమ్మ దేనికి ఒప్పుకున్నదో ఎవరు చెప్పగలరు?

అదే విషయం ఇలా రాసి ఉంటే:

‘సూపర్‌వైజరు గారికి. మే 12 ఉదయం మా సంఘం 9 డబ్బాలు పంపింది. వాటిలో 4, 5, 6 నెంబర్లవి, మొత్తం 120 లీటర్లు, పులిశాయని కేంద్రంలో తిప్పి పంపారు. వ్యాను మా ఊరికి 7 గంటలకు రావలసింది 8-40కి వచ్చింది. ట్రక్ షీటులో సమయం రాయించాము. ఆ డబ్బాలకు ఏ పరీక్ష చేశారో, ఫలితమేమిటో తెలుపగలరు. కార్యదర్శి.’

పిండిన పాలు చల్లబరచకుండా వేసవిలో గంటల తరబడి నిలిస్తే పులుపు పెరుగుతుంది. కనుక ఇక్కడ తగవంతా ఆ 8-40 మీదనే ఉన్నది. ఆలస్యం వ్యానుదా, డబ్బాలు సరిగా కడగని లోపం సంఘానిదా అన్నది ఈ ఉత్తరం పట్టుకొని ఎవరైనా విచారించవచ్చు. ఇందులో మర్యాదకు ఒక ‘గారు’, ఒక ‘తెలుపగలరు’ మాత్రమే ఉన్నాయి. చనువు ఉంటే మొదట ‘అన్నా’ అని పెట్టినా ఈ ఉత్తరం చెడదు. పై ఉత్తరం చెడినది ‘అన్నా’ అన్నందుకు కాదు, తేదీ, డబ్బా నెంబరు, సమయం లేనందుకు. నన్ను అడిగితే తోటి ఉద్యోగుల ఉత్తరాలకు కొలత ఇదే. ఆ ఇద్దరూ లేనినాడు మూడవ మనిషి చదివి, జరిగినది తెలుసుకోగలగాలి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న రాతను రాతగానే గుర్తించిన 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం కూడా, 4వ సెక్షనులో, అది తరువాత తీసి చూసుకోవడానికి వీలుగా ఉండాలని షరతు పెట్టింది. కొన్ని రోజులకు తమంతట తామే చెరిగిపోయేట్లు ఫోనులో ఏర్పాటు చేసుకున్నవారు సంఘం మాటలు అందులో రాయకపోవడం మంచిది.

ఇంతకూ సూపర్‌వైజరు కార్యదర్శికి పై అధికారియా? ఈ సంగతి చాలామంది మరచిపోతున్నారు. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో మొదలై, 1970 నుండి ‘ఆపరేషన్ ఫ్లడ్’ ద్వారా దేశమంతా వ్యాపించిన ఆనంద్ పద్ధతిలో గ్రామ సంఘం, జిల్లా యూనియను, రాష్ట్ర సమాఖ్య అని మూడు అంచెలు. సంఘాలు కలిసి యూనియనును, యూనియన్లు కలిసి సమాఖ్యను ఏర్పరచుకున్నాయి. కార్యదర్శి సంఘం ఉద్యోగి, సూపర్‌వైజరు యూనియను ఉద్యోగి. యూనియనులో సంఘానికి వాటా ఉన్నది. కనుక కార్యదర్శి ‘కటాక్షించి’, ‘కరుణించి’ అని రాయవలసిన పని లేదు. సూపర్‌వైజరు కూడా ‘ఇందుమూలముగా హెచ్చరించడమైనది’ అని సంఘానికి రాయకూడదు. అడగవలసినది అడగాలి, చెప్పవలసినది చెప్పాలి.

లాంఛనం కోపానికి కూడా పనికి వస్తుంది, అది ప్రమాదం. నిన్నటివరకు ‘బాబాయ్’ అన్న కుర్ర కార్యదర్శి ఒక పొద్దున టెస్టరుకు ‘తమరు’ అని ఈ-మెయిలు రాసి, దాని నకలు మేనేజరుకు, అధ్యక్షునికి, పాలకవర్గానికి పెడతాడు. అది మర్యాద కాదు, దెబ్బలాట అని ఊరందరికీ అర్థమవుతుంది. ముందు టెస్టరుకు ఒక్కడికే రాయాలి. రెండు మూడు రోజులు చూసి, జవాబు రాకపోతే అప్పుడు పైవారికి నకలు పంపవచ్చు. సభ్యులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ‘నీ టెస్టు తప్పు’ అని పెట్టడం ఇంకా చెడ్డది. ‘నిన్న సాయంత్రం శాంపిలుకు మన దగ్గర వెన్న 6.2, కేంద్రంలో 5.6 వచ్చింది. పాలు బాగా కలిపి శాంపిలు తీశారా? మిషను చివరిసారి ఎప్పుడు సరిచూశారు?’ అని విడిగా అడిగితే మనిషికి సమాధానం చెప్పే దారి ఉంటుంది. నలుగురిలో తప్పు పట్టినవాడు సమాధానం చెప్పడు, సమర్థించుకుంటాడు.

మరొకటి రాయక తప్పదు. దాణా బాకీల జాబితాలు చూడండి. ఒకే కాగితం మీద పది గేదెలున్న ఆసామి పేరు పక్కన ‘గారు’ ఉంటుంది, ఒక గేదె ఉన్న సభ్యుని పేరు ఉత్తగా ఉంటుంది. రాసినవారు కావాలని చేయకపోవచ్చు, చెయ్యి అలా అలవాటు పడింది. కాని సభ్యత్వం ఇద్దరికీ ఒకటే, ఓటు ఇద్దరికీ ఒకటే. అందరికీ ‘గారు’ పెట్టండి, లేదా ఎవరికీ పెట్టకండి. మహిళా సంఘాలలో అధ్యక్షురాలికి రావలసిన ఉత్తరం ఆమె భర్త ఫోనుకు పోవడం కూడా నేను చూస్తూనే ఉన్నాను. ‘అక్కా’ అన్నా, ‘అమ్మా’ అన్నా, ‘అధ్యక్షురాలు గారికి’ అన్నా పరవాలేదు. ఉత్తరం మాత్రం ఆమెకే చేరాలి.

‘తిప్పి పంపబడినవి’, ‘కోత విధించబడినది’ అనే భాష వల్ల కూడా చిక్కు ఉన్నది. పంపినదెవరు, విధించినదెవరు? ‘కేంద్రం టెస్టరు తిప్పి పంపారు’ అని తిన్నగా రాస్తే అమర్యాద కాదు, తరువాత ఎవరిని అడగాలో తెలుస్తుంది.

డబ్బు, పాల పరిమాణం, నాణ్యత, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్న సందేశాన్నైనా ఫోనులో వదిలివేయకుండా పదిహేను రోజుల బిల్లుతో పాటు ప్రింటు తీసి, వీలు లేకపోతే చేత్తో రాసి, ఆవకజావక రిజిస్టరులో నెంబరు వేసి ఉంచండి. వ్యాను ఎక్కడిదాకా వచ్చిందని అడిగిన సందేశానికి ఇదంతా అక్కరలేదు. ఈ-మెయిలు చిరునామా కార్యదర్శి సొంతది కాక సంఘం పేర ఉండాలి. కార్యదర్శి మారినప్పుడు తాళాలు, పరీక్ష సామాను, రిజిస్టర్లు అప్పగించే జాబితాలోనే ఆ చిరునామా అప్పగించినట్లు కూడా రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. కొత్త కార్యదర్శి ఆ రోజే అధ్యక్షుని ఎదుట పాస్‌వర్డు మార్చుకోవాలి.