డబ్బు తీసేముందు టేపు తీయండి

ప్ర: మా పాతింట్లో రెండు బాత్రూములు, వంటగది బాగు చేయించడానికి మెటీరియల్‌తో సహా 5 లక్షలకు మాట్లాడుకున్నాం. మొదట్లోనే 3 లక్షలు ఇచ్చాం. టైల్స్ పగలగొట్టి వెళ్లిన మనుషులు మళ్లీ రాలేదు. ఇంకో లక్ష వేస్తే రేపే పంపిస్తానంటున్నాడు కాంట్రాక్టరు. వేయమంటారా?
- ఒక గృహిణి, విజయవాడ

జ: వేయకండి. మీ 3 లక్షలు ఈపాటికి ఇంకెవరి స్లాబులోనో కలిసిపోయి ఉంటాయి. ఈ లక్ష కూడా ఆ దారే పడుతుంది. ఇలాంటి ఉత్తరం రాని వారం లేదు.

అతన్ని ఇంటికి పిలిపించి, అయిన పనిని ఇద్దరూ కలిసి కొలవండి. పగలగొట్టింది ఎంత, దించిన మెటీరియల్ ఎంత అన్నది తేదీతో రాసి సంతకం పెట్టించుకోండి. ఇచ్చిన 3 లక్షలకు సరిపడా పని అయ్యేదాకా రూపాయి తీయొద్దు. సామాను తేలేనంటే టైల్స్, పైపులు మీరే కొని, మిగిలిన 2 లక్షల్లో ఆ మేరకు కోసుకోండి. తక్కిన డబ్బు పనిని బట్టి విడతలుగా ఇవ్వండి. చివరి పదో వంతు మాత్రం కుళాయిలన్నీ బిగించి, కొన్నాళ్లు వాడి చూశాకే.

వాటర్‌ప్రూఫింగ్ డబ్బు ఇచ్చేముందు, టైల్స్ వేయకముందే, నీళ్లు పోయే కన్నంలో గుడ్డ కుక్కి బాత్రూములో నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు నిలబెట్టండి. నీటిమట్టం దగ్గర గోడమీద సుద్దముక్కతో గీత గీయండి. 48 గంటలయ్యాక ఆ గీతనూ, కింది గది సీలింగునూ చూసి అప్పుడు చెక్కు రాయండి.

ప్రభుత్వ పనుల్లో ఎం-బుక్ అనే కొలతల పుస్తకం ఉంటుంది. కొలతలు అందులోకి ఎక్కందే బిల్లు లేవదు. ఊరి కాలవకున్న ఆ లెక్క మన ఇంటికి ఎందుకుండదు? పెళ్లిలో చదివింపులు పైసలతో సహా రాసుకునేవాళ్లం, లక్షల పని దగ్గరికొచ్చేసరికి ‘తెలిసినవాడేలే’ అంటాం. తెలిసినవాడైతే సంతకం పెట్టడానికి ఇబ్బందేమిటి? ఒక నోటుబుక్కు కొనండి.

మొండికేస్తే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. గడువు రెండేళ్లు.

ప్ర: బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుందంటున్నాడు మా కాంట్రాక్టరు. నిజమేనా?
- రాజమండ్రి

జ: గోడ కారిన రోజు అతనెవరో మీకూ, మీరెవరో అతనికీ తెలియకుండా పోతుంది.

ప్ర: నేను టైల్స్ మేస్త్రిని. టైల్స్ సారే కొనిచ్చారు. హాల్లో నాలుగు వరసలు రంగు తేడాగా ఉన్నాయని నా కూలి 40 వేలూ ఆపేశారు. తప్పు నాదా?
- నల్గొండ

జ: ఖాళీ పెట్టెలు పారేయకపోతే వెతకండి. వాటిమీద బ్యాచ్, షేడ్ నంబర్లుంటాయి. రెండు రకాలు కనిపిస్తే కొన్నచోటే తేడా వచ్చినట్టు. అయినా పరిచేముందు చూసి చెప్పాల్సింది మీరే. కొత్త టైల్స్ సారు తెస్తే ఆ నాలుగు వరసలు కూలి లేకుండా మార్చివ్వండి, మిగతాది అడిగి తీసుకోండి. ఓనర్లూ, లోపం ఎంతో అంతే ఆపండి. శనివారం కూలి కోసం మేస్త్రి వెనక నిలబడే మనుషులు మీ టైల్స్ కొనలేదు.

ప్ర: అమ్మాయి పెళ్లి దగ్గరపడింది. సగం గోడలయ్యాక పెయింటరు రేటు పెంచాడు. ఏం చేయాలి?
- కరీంనగర్

జ: ఇచ్చేయండి. రెండో అమ్మాయి పెళ్లికి రంగులయ్యాకే అతనికి శుభలేఖ ఇవ్వండి.